గురి పందెమున తల్లిదండ్రుల పని

పిల్లల తుపాకి గురి పందెములను గూర్చియు, ఆ పందెములలో తల్లిదండ్రులు జీతబత్తెములు లేకుండ చేయు పనులను గూర్చియు నేడు చెప్పబూనితిని. మాట వినగానే మీలో కొందరు మొగము చిట్లింతురని యెరుగుదును. నా కుమార్తె ఈ విద్య నేర్చుచున్నదని తెలిసిన దినమున మా పెగడపల్లిలో వయసు మీరిన పెద్దలొకరు నన్ను పిలిచి, "ఆడపిల్ల చేతికి తుపాకి ఎందుకు బిడ్డా? మన ఊళ్ళు చూసిన తుపాకులు చాలవా?" అని యడిగిరి.

ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగెను. ఆ యేడే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఆ తరువాత నెన్ని యేండ్లు మన పల్లెలలో దీపములు పెందలకడ నారిపోయినవో, రాత్రివేళ కుక్క మొరిగినచో ఏ పక్షపు తుపాకి వచ్చినదో యని తలుపుల వెనుక నెట్లు నిలిచితిమో మీకు నేను చెప్పనక్కరలేదు. అట్టి చోట తుపాకి యను మాటకు ఆటవస్తువను అర్థము ఒక్కనాట రాదు. కాబట్టి మొదట ఆ వస్తువు సంగతి చెప్పి, పిదప మన పని సంగతి చెప్పెదను.

పిల్లలు మొదట పట్టునది గాలి తుపాకి. దీనిలో మందు లేదు, నిప్పు లేదు, పొగ లేదు. బిగించి యుంచిన గాలి ఒక్కసారిగా వెలువడి చిన్న సీసపు గుండును ముందునకు త్రోయును. ఆ గుండు వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు, బరువు సుమారు అర గ్రాము. 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము, గొట్టము ఈ వెడల్పును మించక, గుండు శక్తి 20 జౌళ్ళ లోపల నున్న గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. పందెములలో వాడు తుపాకుల శక్తి అందులో సగమునకును తక్కువ. అయినను కన్నునకు తగిలినచో కన్ను పోవును. అందువలన ఆ యాటస్థలమున, దానినే రేంజి యందురు, గాలి తుపాకికిని సైనికుని తుపాకికిని జాగ్రత్తలో భేదము చూపరు.

లక్ష్యము 10 మీటర్ల దూరమున, అనగా సుమారు 33 అడుగుల దూరమున నుండును. ఒక చిన్న చదరపు కార్డు; దాని నడుమ నల్లని వలయము; ఆ వలయములో వలయములు. నడిమి చుక్కకు పది గుణములు. పిస్తోలు పందెమున ఆ నడిమి వలయము పదకొండున్నర మిల్లీమీటర్లు. రైఫిలు పందెమున నో, అది అర మిల్లీమీటరు చుక్క. ఆవగింజ అంతకంటె పెద్దది. ఐదున్నర కిలోల వరకు బరువుండదగిన తుపాకిని నిలువుకాళ్ళపై నిలిచి యెత్తిపట్టి, ఆ చుక్కను 60 మారులు కొట్టవలెను. కాగితపు కార్డులపై నైనచో 90 నిముషములు, విద్యుత్ యంత్రపు లక్ష్యములపై నైనచో 75 నిముషములు గడువు. గుండె యొకసారి కొట్టుకొనిన గొట్టము కదలును. ఊపిరి విడుచునప్పుడు కదలును. కనుక పిల్లలు అక్కడ నేర్చునది కాల్చుట కాదు, కదలకుండుట. ఇంటిలో అన్నము ముందర నిముషము నిలువని పిల్ల, అక్కడ గంటంబావు నోరు మెదపక నిలుచుట చూచి నేను ఆశ్చర్యపడితిని.

ఇది మనకు క్రొత్త విద్యయు కాదు. మన మంచెల మీద వడిసెల త్రిప్పిన చేతులకు గురి యననేమో తెలియును. భారతము విన్నవారికి ద్రోణుడు చెట్టుకొమ్మన నుంచిన కృత్రిమ పక్షి తెలియును. పక్షి తల తప్ప మరేమియు కనబడుట లేదన్న అర్జునుడు తెలియును. అయితే నేటి ప్రసంగమునకు నాకు కావలసినది ఆ కథ కాదు. దాని తరువాతి కుమారాస్త్ర విద్యా ప్రదర్శనము. అది పిల్లల పందెమునకు తల్లిదండ్రులు వచ్చిన సభ. ద్రోణుడు నేల కొలిపించి, చదును చేయించి, రంగస్థలము కట్టించెను. ధృతరాష్ట్రుడు వచ్చెను, కన్నులు లేవు. గాంధారి వచ్చెను, కన్నులకు గంతలు. కుమారులు చేయు విద్యలను విదురుడు ధృతరాష్ట్రునకు చెప్పుచుండెను. కుంతి గాంధారికి చెప్పుచుండెను. చూడుడు, తన కుమారులు బరిలో నుండగా, ఎదుటి పక్షపు తల్లికి కన్నులై కూర్చున్నది కుంతి. వాలంటీరు పని యనగా నాకు మొదట తోచునది ఈ ఘట్టమే.

అదే సభలో భీమదుర్యోధనుల గదావిద్య ఆట దాటి పోరగునట్లు తోచినప్పుడు, ద్రోణుని యానతిని అశ్వత్థామ ఇద్దరి నడుమ నిలిచి యాపెను. ప్రేక్షకులు అప్పటికే రెండు పక్షములై యరచుచుండిరి. కర్ణుడు వచ్చి నిలిచినప్పుడు కుంతి మూర్ఛిల్లెను. ఇరువైపుల నున్నవారు తన బిడ్డలే, నోరు విప్పి చెప్పలేదు. పిల్లల పందెమున తల్లిదండ్రులకు ఏమేమి సంభవించునో అంతయు ఆ యొక్క సభలోనే యున్నది.

ఇక నేటి కాలమునకు వచ్చెదను. మన దేశమున జాతీయ రైఫిలు సంఘము 1951లో స్థాపింపబడినది. దానికి మూలపురుషుడు, లోకసభకు తొలి సభాపతియైన మావలంకరుగారు. వారి పేరిట నేటికిని దేశవ్యాప్తముగ పందెములు జరుగుచున్నవి. మన హైదరాబాదున 2002లో జాతీయ క్రీడలు జరిగినవి. గచ్చిబౌలి ప్రాంతమున కేంద్ర విశ్వవిద్యాలయపు ఆవరణలో గురి పందెములకు తగిన రేంజి కలదు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగు 2012 లండను ఒలింపిక్కులలో 10 మీటర్ల గాలి రైఫిలు పందెమున కాంస్య పతకము గెలిచెను. అతనికి మంచి తుపాకి కొనిపెట్టుటకు తండ్రి తన స్థలమొకటి అమ్ముకొనెనని పత్రికలు వ్రాసినవి. 2005లో జన్మించిన ఈషా సింగు 2018లో, పదుమూడేండ్ల ప్రాయమున, పెద్దల పిస్తోలు పందెమున జాతీయ విజేత యైనది. 2023లో చైనా దేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఆ బాలిక నాలుగు పతకములు గెలిచినది. అందొకటి జట్టుతో కలిసి గెలిచిన స్వర్ణము. ఆమె తండ్రి కారు పందెముల యోధుడు. కుమార్తె విద్య కొరకు తన పందెములను మానుకొనెను.

ఈ రెండు కథలు విని మనలో ననేకులు, పిల్ల యెదుగుటకు తల్లిదండ్రులు ధనము పోయవలె నని మాత్రమే తలంతురు. ధనము కావలసినదే, మేలిరకపు విదేశపు తుపాకి లక్షల రూపాయల వెల. కాని నేర్చుకొను పిల్లకు తొలి దినములలో సొంత తుపాకి అక్కరలేదు, సంస్థవారి తుపాకితో జరుగును. భూమి అమ్ముటకు తొందరపడవలదని నా మాట. డబ్బు లేని తల్లిదండ్రులును ఇయ్యగలిగినది వేరొకటి యున్నది: పందెపు దినమున తమ రెండు చేతులు.

పందెము జరుపుటకు ఎంతమంది కావలయునో బయటివారికి తెలియదు. తుపాకి పట్టిన పిల్ల యొకతె, ఆమె వెనుక నధికారి యొకడు, అంతే యని యనుకొందురు. నేను నగర సమీపమున జరిగిన యొక బాలబాలికల పందెమునకు రాత్రి బస్సున పోయి, ఉదయము ఆరు గంటలకే పేరు వ్రాయించుకొంటిని. పని యేదైన నిండని యడిగితిని. వారు సంతోషించి మెడలో వేసికొనుటకు ఒక బిళ్ళ యిచ్చి, మొదట నన్ను తుపాకులు పరీక్షించు బల్ల చెంత నిలిపిరి. అక్కడ పిల్లలు వరుసగా వచ్చి పెట్టెలు తెరచి చూపుదురు. గొట్టము గుండా ఎర్రని యొక తీగ ఈవల నుండి ఆవలకు కనబడవలెను. లోపల గుండు లేదనుటకు అదియే సాక్ష్యము. పిస్తోలు మీటకు 500 గ్రాముల తూకపు బిళ్ళను వ్రేలాడదీసి యెత్తుదురు. బిళ్ళ పైకి లేచినదాక మీట విడువబడరాదు. విడువబడినచో ఆ పిస్తోలు సరిచేసికొని రావలెను. తూచువాడు శిక్షణ పొందిన అధికారి. నా పని, వరుస చెడకుండ చూచుట, ఏ పిల్ల తుపాకి గొట్టము మనుషుల వైపునకు త్రిప్పకుండ కనిపెట్టుట, సంఖ్యలు పుస్తకమున వ్రాయుట. ఇందులో గొప్పతన మేమియు లేదు. కాని ఇరువదిమంది పిల్లలు ఆత్రముతో నిలిచిన వరుసలో పెద్ద యొకడు శాంతముగా నున్నచో ఆ శాంతము వరుస చివరిదాక పోవును. ఇది కన్నులార చూచితిని.

కార్డుల బల్ల వద్ద కోరుట్ల ప్రాంతము నుండి వచ్చిన యొక తల్లి కూర్చున్నది. బీడీలు చుట్టి సంసారము నడుపునది. ఆ పందెము కాగితపు కార్డులపై జరిగెను. కార్డునకొక గుండు చొప్పున పిల్ల కొకరికి 60 కార్డులు లెక్కించి, వారి సంఖ్య వేసి, కట్ట కట్టవలెను; గురి సరిచూచుకొను కార్డులు వేరు. చదువుకొన్న మేము ఒకటి, రెండు అని పెదవులు కదల్చుచు లెక్కించుచుండగా, ఆమె వ్రేళ్ళతో ఇరువదియైదు, ఇరువదియైదు, పది యని తీసి ప్రక్కన పెట్టుచుండెను. బీడీ కట్టకు ఇరువదియైదు గదా! అంతలో ఎవరో కట్టి యుంచిన కట్ట నొకదానిని చేతబట్టి, "ఇది తక్కువున్నది సారూ" అన్నది. విప్పి లెక్కింపగా 59. తూచలేదు, చూడలేదు, పట్టుకొన్నంతనే చెప్పినది. ఆ కట్ట అట్లే పోయినచో, ఏ పిల్లయో చివరి గుండునకు కార్డు లేక చేయెత్తి నిలిచి యుండును, గడియారము నడచుచుండును, పిదప వాదము, అర్జీ, ఏడుపు. ఆ కట్ట మీద నున్న సంఖ్య ఆమె కుమారునిది కాదు. అతని కెదురు నిలిచిన పిల్లవానిది.

ఇచ్చట నొక నియమము చెప్పవలెను. తన బిడ్డ కాల్చు జట్టు బరిలో నున్నప్పుడు తల్లికి గాని తండ్రికి గాని అక్కడ పని యియ్యరు. ఒక్కొక్క జట్టును డిటైలు అందురు. బిడ్డ మొదటి డిటైలులో నున్నచో తండ్రికి మూడవ దానిలో పని. బిడ్డ కార్డులను తల్లి ముట్టరాదు. గుణములు లెక్కించు గదిలోనికి తల్లిదండ్రులకు ప్రవేశమే లేదు. గుండు రంధ్రము వలయపు గీతను తాకినదా లేదా యను సందేహము వచ్చినప్పుడు కొలమానపు పుల్ల పెట్టి చూతురు. తాకినచో ఎక్కువ గుణమే యిత్తురు. వెండ్రుకవాసి కొలత యది. అట్టిచోట తండ్రి కన్ను తన బిడ్డ వైపునకే మొగ్గును. ఆ తండ్రి దుర్మార్గుడని కాదు, తండ్రి యని. నియమము పెట్టినవారు మనలను నమ్మలేదని కొందరు కినియుదురు. మనకు పరీక్ష పెట్టకుండ తప్పించిరని నేను సంతసించితిని.

బరిలో అధికారి యాజ్ఞలు నాలుగే. లోడ్ అనగా గుండు పెట్టుము. స్టార్ట్ అనగా మొదలుపెట్టుము. స్టాప్ అనగా ఆపుము. అన్‌లోడ్ అనగా గుండు తీయుము. స్టాప్ అన్న మాట వినబడిన క్షణమున, మీటపై వ్రేలున్నను, పదియే పడునని తోచినను, దించవలెను. నిలిచినవారిలో నెవడైనను ప్రమాదము కనిపెట్టినచో ఆ మాట యరువవచ్చును. వాలంటీరునకు పెద్దగొంతుతో మాటలాడుట కున్న హక్కు ఈ యొక్కటియే.

ఆ దినమున రెండవ డిటైలులో ఒక తండ్రి వెనుక నిలిచి, కుమారుని ప్రతి గుండునకు "చెయ్యి దించు, ఆగు, తొందర వద్దు" అని గుసగుసలాడుచుండెను. బరిలో నున్న పిల్లకు నోటిమాటతో నేర్పుట నిషిద్ధము. పిల్లవాని భుజములు మెడలోనికి కుంగిపోవుచుండెను. అధికారి వచ్చి మృదువుగనే, "అన్నా, మీరు బయటికి రండి" అని తోడ్కొనిపోయెను. ఆ మనిషి గల్ఫులో పదేండ్లు కష్టపడి, సెలవు మీద వచ్చి, కుమారుని పందెము మొదటిమారు చూచుచున్నాడు. ఎన్ని యేండ్ల ముద్దు, ఎన్ని యేండ్ల యాదుర్దా ఆ గుసగుసలో నున్నవో! తరిమివేసినచో అవమానము; వదలినచో పిల్లవానికి చేటు. అధికారి తెలివిగలవాడు. మూడవ డిటైలు పిల్లలకు మంచినీళ్ళు అందించు పని అతని కప్పగించెను. నేనును ఆయనయు బిందెలు మోసితిమి. ఎవరెవరి బిడ్డలో యెరుగము; ఒకతె చేతులు వణకుచున్నవి, ఒకడు గోడకు మొగము త్రిప్పుకొని యేడ్చుచున్నాడు. ఆ యేడ్చువానికి ఆయనయే నీళ్ళిచ్చి, ఏమియు అడుగక ప్రక్కన గూర్చుండెను. మధ్యాహ్నము తన కుమారునితో భోజనము చేయునప్పుడు గుణముల మాట ఎత్తలేదు. దుబాయిలో వేసవి ఎట్లుండునో చెప్పుచుండెను, వాడు నవ్వుచుండెను.

నా కుమార్తె సంగతి చెప్పకున్న మీరు అడుగుదురు. ఆమె కాల్చునప్పుడు నేను గాజు తలుపు కీవల నుంటిని. కార్డులు కనబడవు, వీపు మాత్రమే కనబడును. ముప్పదియవ గుండునకు కాబోలు ఆమె తుపాకి దించి చాలసేపు నేల చూచుచు నిలిచినది. గుండు చెడిపోయెనని నాకు తెలిసినది. ఆ సమయమున నా చేతిలో తరువాతి డిటైలు పిల్లల పేర్ల పట్టిక యున్నది; వారిని పిలిచి నిలుపవలసిన వేళ. పిలిచితిని. పేర్లు చదువుచుండగా ఆమె మరల తుపాకి యెత్తుట కంటికొన నుండి కనబడెను. ఆమె పదునాలుగవ స్థానమున వచ్చినది. పని లేక నిలిచియున్నచో ఆ గాజు తలుపు మీద నా నొసటి చెమట అంటి యుండెడిది.

ఇతర దేశములలో ఈ పద్ధతి మరింత పాతుకొన్నది. అమెరికాలో వ్యవసాయ కుటుంబముల పిల్లల కొరకు ఇరువదవ శతాబ్దపు ఆరంభమున పుట్టిన ఫోర్ హెచ్ అను సంఘములు కలవు. శిరస్సు, హృదయము, హస్తములు, ఆరోగ్యము అను వాని ఆంగ్లనామముల తొలియక్షరము ఒక్కటే యగుటచే ఆ పేరు. వ్యవసాయ విశ్వవిద్యాలయముల విస్తరణ శాఖలు వానిని నడుపును. ఆవుదూడలను పెంచుట, వంట, కుట్టుపనితో పాటు గురివిద్యయు అందొకటి. నేర్పువారు జీతగాండ్రు కారు. శిక్షణ పొంది యోగ్యతాపత్రము తీసికొనిన ఊరి పెద్దలు, తల్లిదండ్రులు. బిడ్డ మీద ప్రేమ యున్నది గదా యని ఎవ్వనినిబడితే వానిని బరిలో నిలుపరు. ఆ శిక్షణ మాట మనవారు గమనింపదగినది.

ఇంటి సంగతి యొకటి మిగిలినది. నేను పందెము నుండి వచ్చిన మరునాడు మా వాడకట్టు రైతు వచ్చి, "పటేలా, బిడ్డను ఒక్క పూట మక్కచేనుకు పంపు, కోతులు ఆగమాగం చేస్తున్నయి" అనెను. నవ్వితిమి గాని మాట తేలికది కాదు. కోతుల బాధ మన ప్రాంతమున ఎట్టిదో అందరెరిగినదే. అయినను పందెపు తుపాకిని ప్రాణి మీదికి ఎత్తుట లేదు. ఒకమారు ఎత్తిన పిల్లను ఏ శిక్షకుడును మరల బరిలోనికి రానియ్యడు. నా కుమార్తె వాడు తుపాకి సంస్థవారిది, అక్కడనే తాళములో నుండును. ఆమె ఊరికి పుస్తకముల సంచితోనే వచ్చును. సొంత తుపాకి కొన్నవారు దానిని పెట్టెలో తాళము వేసి, గుండ్లను వేరొక చోట, తాళపుచెవిని పెద్దల యొద్ద నుంచవలెను. చుట్టములు వచ్చినప్పుడు తీసి చూపు వస్తువు కాదది. పెండ్లి ఊరేగింపులలో దాని పనియే లేదు.

మీ యింటి పిల్లయో, మనుమడో ఈ విద్యకు పోవుచున్నచో పందెపు దినమున మీరును పొండు. ముందునాడే నిర్వాహకులకు చెప్పి పని యడుగుడు. కాళ్ళకు మూసిన చెప్పులు, తినుటకు సద్ది, కన్నులకు అద్దములున్నచో అవియు తీసికొనిపొండు. సెల్లు ఫోను మూగనోము పట్టింపుడు. ఇచ్చిన పని చిన్నదని చూడకుడు. కార్డులు లెక్కించు బల్ల వద్ద ఎల్లప్పుడు మనుషులు తక్కువ. బీడీ కట్టలు కట్టిన చేతులు గాని, కిరాణము దుకాణమున చిల్లర లెక్కించిన చేతులు గాని యున్నవారు అక్కడికే పోయి కూర్చున్న మంచిది. సెలవు.